మూడు చిప్స్ మిగిలాయి

సెప్టెంబరు 9

కాఫీ మానేసి ఇవాళ్టికి పదకొండు రోజులు. కుడి చెయ్యి ఇంకా కుదురుగా ఉండటం లేదు. ఒంట్లోంచి కాఫీ పూర్తిగా పోవడానికి టైము పడుతుంది కాబోలు. ఇరవై ఆరేళ్ళు రోజుకి ఆరు కప్పులు తాగినదాన్ని, పదకొండు రోజుల్లో ఎలా పోతుంది?

పొద్దున మా ఆయన జోర్కో స్కూలు బస్సు తీసుకుని వెళ్ళాక, వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి ముక్కలు పంచాను. చుట్టూ తొమ్మిది మంది కూర్చున్నారనుకుని మనిషికి రెండేసి, కేసినోలో ఇరవై ఆరేళ్ళు పంచినట్టే. పద్దెనిమిది ముక్కలూ బోర్లా పడాలి. ఐదు వెల్లకిలా పడ్డాయి. పేక పాతది. అంచులు మెత్తబడిపోయాయి.

ఫిబ్రవరిలో మా షిఫ్టు మేనేజరు "కొన్నాళ్ళు నీకు విశ్రాంతిగా ఉంటుంది నెవెంకా" అని నన్ను గుమ్మం దగ్గర వచ్చేవాళ్ళ కోట్లు తగిలించే కౌంటరుకి పంపాడు. మార్చిలో నేనే మానేశాను. ఎవరూ పొమ్మనలేదు. నేనే మానేశాను.

సెప్టెంబరు 10

ఇవాళ మూడే వెల్లకిలా పడ్డాయి.

సెప్టెంబరు 11

ఏడు. కొండ గాలి మొదలైంది, కిటికీ సందుల్లోంచి ఒకటే చలి. చలికి ఎవరి వేళ్ళయినా బిగుసుకుపోతాయి.

సెప్టెంబరు 14

సరిహద్దు దాటి ఇటలీ వైపు గొరీజియా సంతకి వెళ్ళాను. చేపల వరస దాటుతుంటే వెనక నుంచి కేక.

"సిన్యోరా నెవెంకా! బతికే ఉన్నారా!"

ఎర్మెస్. సముద్రం ఒడ్డున గ్రాదో నుంచి చేపలు తెచ్చి అమ్ముతాడు. ఇరవై ఏళ్ళుగా వారానికి రెండు రోజులు నా బల్ల దగ్గర కూర్చుని పోకర్ ఆడాడు. ఓడిన ప్రతిసారీ నా చేతిని తిట్టాడు. ఒకసారి ముక్కలు నా మొహాన విసిరేశాడు కూడా. మర్నాడు క్షమించమని ఇంత పెద్ద చేపని కాగితంలో చుట్టి తెచ్చాడు. అలాంటి మనిషి.

"మీరు వెళ్ళిపోయాక నా దశ తిరిగింది. మీ చోట పంచుతున్న ఆ దారింకా పిల్ల చేతికి నేనంటే ఎంత ప్రేమో! మీ చేతికి మాత్రం నేనంటే పగ."

"నా చేతికి మీరెవరో కూడా తెలీదు ఎర్మెస్. అది ముక్కలు పంచుతుంది, అంతే."

"కేసినోలో అక్టోబరు పోకర్ పోటీకి కనబడతారా మరి? నా కోటు ఎవరికి ఇవ్వాలో తెలియాలి కదా."

అతను హాస్యానికే అన్నాడు. పక్కన చేపలు కోస్తున్న అతని మేనల్లుడు కూడా నవ్వాడు.

"కోట్లు తీసుకోవడానికి కాదు. ఆడటానికి వస్తున్నాను," అనేశాను.

ఎర్మెస్ నవ్వు ఆపడానికి కాస్త సమయం పట్టింది. "పంచేవాళ్ళకి ఆడటం ఎక్కడొస్తుంది సిన్యోరా! నేను చేపలు అమ్ముతాను కదా అని ఈత నేర్పిస్తానంటే మీరు నమ్ముతారా?"

రెండు కిలోల సార్డీన్లు కొన్నాను. ఇద్దరం ఉన్న ఇంట్లోకి రెండు కిలోలు ఎందుకు కొన్నానో నాకే తెలీదు.

సెప్టెంబరు 15

ఉద్యోగం మానేసిన వాళ్ళు ఆరు నెలలు కేసినోలో ఆడకూడదని నియమం. ఆ ఆరు నెలలూ మొన్నటితో అయిపోయాయి. సార్డీన్లు తింటూ జోర్కోకి చెప్పాను.

జోర్కోకి తెలిసిన పేకాట బ్రిష్కుల ఒక్కటే, అదీ తన అన్నతో, ద్రాక్ష కోతలయ్యాక. "అందులో ఏం చేస్తారు?" అన్నాడు.

"చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద ఐదు. నా దగ్గర మంచివి ఉన్నాయని చెప్పి పందెం పెంచుతాం. నిజమైనా సరే, అబద్ధమైనా సరే. ఎదుటివాడు నమ్మితే వదులుకుంటాడు, నమ్మకపోతే చూపించమంటాడు. అందరికీ చిప్స్ సమానంగా ఇస్తారు. అయిపోయినవాడు లేచిపోతాడు. ఆఖరికి ఒక్కరే మిగులుతారు."

"మరి మంచి ముక్కలు వచ్చేదాకా ఊరికే కూర్చోవచ్చుగా?"

"కూర్చోనివ్వరు. ఆడినా ఆడకపోయినా వంతులవారీగా కప్పం కట్టాలి. గంట గంటకీ అది పెరుగుతుంది. చిప్స్ దొంతర చిన్నదైపోయిందంటే ఆ కప్పమే నిన్ను మింగేస్తుంది."

జోర్కో చేప ముల్లు తీసి కంచం అంచున పెట్టాడు. "బస్సు డీజిల్ లాగా అన్నమాట. ఆగి ఉన్నా తాగుతూనే ఉంటుంది."

"అలాంటిదే."

"ఆడు. నిన్ను వాళ్ళు కోట్ల దగ్గర నిలబెట్టారని నాకు ఇప్పటికీ కడుపు మండుతోంది."

నేనే మానేశానని మళ్ళీ చెప్పాను.

సెప్టెంబరు 23

అర్హత పోటీలో నెగ్గుకొచ్చాను. ముప్ఫై మందిలో మొదటి ముగ్గురికి అక్టోబరు పోటీలో చోటు ఇస్తారు. నేను మూడో దాన్ని.

ఆఖర్లో నాకు ఇద్దరు రాణులు, ఎదుటివాడికి ఇద్దరు రాజులు. చిప్స్ అన్నీ తోసేశాను. చివరి ముక్క రాణి. ఎదుటివాడు బల్ల గుద్ది "ఏం అదృష్టం!" అన్నాడు.

అదృష్టం కాదు. అతను బెదురుతున్నాడని కనిపెట్టే తోశాను. ఇన్నేళ్ళ చూపు ఊరికే పోదు.

చేతిని ఒళ్ళో పెట్టుకుని ఎడమ చేత్తోనే ఆడాను. ఎవరూ గమనించలేదు.

సెప్టెంబరు 27

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నడవమంది, వేళ్ళు తట్టమంది, ఒక వాక్యం రాయమంది. తర్వాత ఒక మాట చెప్పింది. ఆ మాట ఇక్కడ రాయను. ఇంకా పరీక్షలు ఉన్నాయి, ల్యుబ్లానా పెద్దాసుపత్రికి వెళ్ళాలి. అవి అయ్యేదాకా అదొక మాట మాత్రమే.

జోర్కోకి విటమిన్లు తక్కువని చెప్పాను.

సెప్టెంబరు 29

జోర్కో కసాయి దగ్గర్నుంచి లివరు తెచ్చి ఉల్లిపాయలతో వేయించాడు. విటమిన్లకి మంచిదని బస్సులో ఎవరో టీచరు చెప్పిందట. అతనికి లివరు వాసనే పడదు. అయినా నాతో పాటు తిన్నాడు. "నువ్వొక్కదానివే మింగుతుంటే చూడలేను" అన్నాడు.

సెప్టెంబరు 30

లివరు.

అక్టోబరు 2

లివరు. సరుకుల చీటీ చూసి జోర్కో, "ఇది నా కోసం రాశావా, చీమల కోసం రాశావా?" అన్నాడు. అక్షరాలు చిన్నవైపోతున్నాయట. పెన్ను మార్చాలి.

అక్టోబరు 11, పొద్దున

నిన్న మొదటి రోజు. రెండు వందల పన్నెండు మంది. తలా ముప్ఫై వేల చిప్స్. మధ్యాహ్నం పన్నెండుకి మొదలు.

తెలిసిన హాలే, తెలిసిన దీపాలే. బల్లకి ఈ వైపు కూర్చుంటే అంతా తలకిందులుగా ఉంది. గోడ గడియారం నాకు ఎప్పుడూ కుడి వైపు ఉండేది, ఇప్పుడు ఎడమ వైపుకి వచ్చింది.

కుడి చేతిని ఒళ్ళో దాచుకుని రెండు గంటలు ఆడాను. అప్పుడు మా బల్లకి పంచడానికి దారింకా వచ్చింది. ఆరేళ్ళ కింద ఆ పిల్లకి పేక కలపడం దగ్గర్నుంచి అన్నీ నేర్పింది నేను. నన్ను చూసి కళ్ళతో నవ్వింది కానీ పెదవి కదపలేదు. అలా ఉండమని నేర్పిందీ నేనే.

రెండు ఆటలయ్యాయి. దారింకా తెలియని ఆవిడని మర్యాదగా పిలిచినట్టు నన్ను పిలిచింది.

"గోస్పా, దయచేసి రెండు చేతులూ బల్ల మీద ఉంచండి."

నియమం. ఎవరైనా సరే మొహమాటపడకుండా చెప్పాలి అని దానికి పదిసార్లు చెప్పాను. చెప్పాక దాని మెడ ఎర్రబడింది. మంచిగా పని చేస్తోంది. ఆ క్షణంలో మాత్రం దాన్ని చంపేద్దామనిపించింది.

చెయ్యి పైకి తీసి పెట్టాను. అది చిప్స్ పక్కన పడుకుని వణకడం మొదలెట్టింది. చిటికెన వేలు దొంతరకి తగులుతూ టిక్కు టిక్కుమని చప్పుడు. బల్ల చుట్టూ అందరూ అటే చూశారు.

నా చేతిలో ఏడు, నాలుగు. పనికిమాలిన ముక్కలు. అప్పటికే పందెం పెంచేసి ఉన్నాను, ఎందుకు పెంచానో ఆ కంగారులో మర్చిపోయాను. ఎదురుగా నల్ల కళ్ళద్దాల కుర్రాడు, గ్రాజ్ నుంచి వచ్చాడు, పేరు లియన్‌హార్ట్. నా చేతిని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తన ముక్కలు తిప్పి అందరికీ చూపించాడు, రెండు పదులు. చూపించి పారేశాడు.

"ఈవిడ దగ్గర ఆసులున్నాయి. చూడండి ఎలా వణుకుతోందో!"

ఏడూ నాలుగూ బోర్లా తోసేసి చిప్స్ లాక్కున్నాను.

ఇరవై ఆరేళ్ళు నేను చూసిందే. పెద్ద ముక్కలు వచ్చినవాడి చెయ్యి ఆగదు. అబద్ధమాడేవాడి చెయ్యి రాయిలా ఉంటుంది. హాల్లో ప్రతివాడికీ తెలిసిన సంగతి ఇది. నా చెయ్యి మాత్రం ఏ ముక్కలు వచ్చినా ఒకేలా వణుకుతుందని వాళ్ళలో ఒక్కడికీ తెలీదు.

ఇక దాచలేదు. రోజంతా బల్ల మీదే పెట్టాను. పందెం పెంచడం, చెయ్యి అక్కడ పెట్టడం, వాళ్ళు వదులుకోవడం. ఆట ముగిసేసరికి తొంభై ఆరు వేలు. రెండు వందల పన్నెండు మందిలో అరవై ఒక్కరం మిగిలాం.

అదృష్టం అనేవాళ్ళని అననీ. ఇది చూపు. తెలివి. చేతికి ఏమీ కాలేదు, అది నాకు సంపాదించి పెడుతోంది.

అక్టోబరు 11, సాయంత్రం విరామం

ఇంకా ఆటలోనే ఉన్నాను.

అక్టోబరు 12, పొద్దున

నిన్నటిది మొత్తం రాయాలి. జోర్కో ఇంకా లేవలేదు.

మూడు గంటలకి ఎర్మెస్‌ని మా బల్లకి మార్చారు. నా ఎదురుగా కూర్చుని, "కోటు ఈసారి నేనే మోసుకొచ్చాను సిన్యోరా," అన్నాడు. నా చేతిని చూశాడు. మళ్ళీ హాస్యమాడలేదు.

కప్పం నాలుగు వేలకి వచ్చింది. నాకు తొమ్మిది, ఎనిమిది కళావరు ముక్కలు వచ్చాయి. పెంచాను. ఎర్మెస్ ఒక్కడే నిలిచాడు. బల్ల మీద రాజు, ఆరు, రెండు. నాకు ఏమీ తగల్లేదు. అయినా పందెం కాశాను. అతను కట్టాడు. ఇంకో ముక్క పడింది, మళ్ళీ కాశాను. మళ్ళీ కట్టాడు. ఆఖరి ముక్క పడ్డాక ఉన్నవన్నీ తోసి, చెయ్యి బల్ల మీద పెట్టి, వణకనిచ్చాను.

ఎర్మెస్ చేతి వైపు చూడలేదు. నా మొహం వైపు చూశాడు. బల్ల మీదుగా ముందుకి వంగి నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"మా నాన్న చెయ్యి ఇలాగే ఉండేది. వల నిండా చేపలున్నా వణికేది, ఖాళీ వలకీ వణికేది."

తన చిప్స్ అన్నీ ముందుకి తోశాడు. అతని దగ్గర రాజు ఉంది. నా దగ్గర ఏమీ లేదు.

దారింకా రెండు దొంతరలూ లెక్కపెట్టింది. నాకు అతని కన్నా మూడు చిప్స్ ఎక్కువ. వెయ్యివి మూడు. నాలుగు వేల కప్పానికి కూడా చాలవు.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను పంపించడానికి సిద్ధమైపోయారు. ఒకాయన నా హ్యాండుబ్యాగు తీసి ఇవ్వబోయాడు. ఎర్మెస్ లేచి నిలబడి చెయ్యి చాపాడు, మర్యాదగా. మూడు చిప్స్ మిగిలిన వాళ్ళు సాధారణంగా అవి కూడా విసిరేసి పోతారు. అలా పోయినవాళ్ళని నేను వందల మందిని చూశాను. కోట్ల కౌంటరు దగ్గర కూడా చూశాను.

"కూర్చోండి ఎర్మెస్. నావి ఇంకా మూడున్నాయి," అన్నాను.

తర్వాతి ఆటలో రాజు, నాలుగు వచ్చాయి. మూడు చిప్సూ తోశాను. మూడు చిప్సే కదా అని ఇంకో ముగ్గురు వచ్చారు. బల్ల మీద రెండు నాలుగులు పడ్డాయి. మూడు వేలు పన్నెండు వేలయ్యాయి.

మరుసటి ఆట కప్పం నాది, తప్పించుకునే వీల్లేదు. రాణి, ఏడు వచ్చాయి. ఒకడు అన్నీ తోసి మీదికొచ్చాడు. సరే అన్నాను. రాణి పడింది. ఇరవై ఆరు వేలు.

నిన్న కూడా మా బల్లకే పడ్డ లియన్‌హార్ట్ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. అరగంట తర్వాత నేను జాకీ, పది పట్టుకుని మొత్తం తోశాను. అతను వెంటనే కట్టాడు. ఆసులు, రెండు. ఈసారి నిజంగానే ఆసులు, కానీ నా దగ్గర కాదు. నేను లేచి నిలబడి బ్యాగు భుజాన వేసుకున్నాను కూడా. బల్ల మీద పది పడింది. ఇంకో పది పడింది.

"ఏమిటిది!" అని లియన్‌హార్ట్ దారింకా మీద అరిచాడు. "నీ చేతిలో ఏముంది?"

"నా చేతిలో ఏమీ లేదండి," అంది దారింకా.

ఆ మాట నేను ఇరవై ఆరేళ్ళు చెప్పాను. రోజుకి పదిసార్లు చెప్పాను, ఎర్మెస్ ఒక్కడికే వెయ్యిసార్లు చెప్పి ఉంటాను. ఎవరూ నమ్మలేదు. నిన్న బ్యాగు భుజాన ఉండగా నిలబడి, మొదటిసారి నేనే విన్నాను. రాజు నాలుగుతో నాకేం తెలివి ఉంది? జాకీ పదితో ఆసుల మీదికి వెళ్ళడంలో ఏం చూపు ఉంది? ఆ రోజు అర్హత పోటీలో ఇద్దరు రాణులతో గెలిచానే, ఎదుటివాడు బెదురుతున్నాడని రాసుకున్నాను. అతను బెదరలేదు. అతని దగ్గర ఇద్దరు రాజులున్నారు, ఎందుకు బెదురుతాడు? చివరి ముక్క రాణి వచ్చింది, అంతే. ఎవరూ ఏమీ చెయ్యలేదు. వచ్చింది.

వచ్చినవి అలా ఊరికే వస్తాయి. మంచివీ, ఇంకొకటీ.

కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళ మీద కన్నీళ్ళు పడ్డాయి. లియన్‌హార్ట్ నేను సంతోషంతో ఏడుస్తున్నాననుకుని ఇంకా మండిపడ్డాడు.

సాయంత్రం విరామానికి జోర్కో కారు పార్కింగులో ఉన్నాడు. బీన్సు, పులిసిన క్యాబేజీ వేసి చేసిన వేడి యోటా సీసాలో పోసుకుని తెచ్చాడు. కారులో కూర్చుని తాగాను. సీసా పట్టుకోలేకపోయాను. అతను పట్టుకున్నాడు.

"జోర్కో, విటమిన్లు కాదు. పార్కిన్సన్స్."

అతను సీసా మూత పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"సెప్టెంబరు ఇరవై ఏడు."

వేళ్ళతో లెక్కపెట్టాడు. అతని మొహం ఎర్రబడిపోయింది.

"రెండు వారాలు! రెండు వారాలు నాతో లివరు తినిపించావు నెవెంకా!"

"నువ్వే తెచ్చావు."

"విటమిన్లన్నావని తెచ్చాను! ప్రతి ముద్దకీ ఊపిరి బిగబట్టుకుని మింగాను! బస్సులో పిల్లలు నా నోరు వాసనేస్తోందన్నారు!"

నాకు నవ్వొచ్చింది. అతనికీ వచ్చింది. పక్క కారులోవాళ్ళు చూస్తున్నా ఆపలేకపోయాం. నవ్వుతూ నవ్వుతూ అతను స్టీరింగు మీద తల పెట్టాడు. భుజాలు కదులుతున్నాయి. అది నవ్వు కాదని కాసేపటికి తెలిసింది. వీపు మీద చెయ్యి వేశాను, కుడి చెయ్యే. వేసి ఉంచాను.

మొహం తుడుచుకుని, "ఒక్కదానివే మొయ్యాలని ఎవరన్నారు నీకు?" అన్నాడు.

"ఎవరూ అనలేదు."

"ల్యుబ్లానాకి ఎప్పుడు?"

"పద్దెనిమిదిన."

"బస్సుకి ఇంకెవరినైనా పెట్టుకోమంటాను." గడియారం చూశాడు. "పో, నీ చోటు పోతుంది. ఎన్ని చిప్స్ ఉన్నాయి ఇప్పుడు?"

"యాభై వేలు."

"మంచిదేనా?"

"మిగతావాళ్ళతో పోలిస్తే దిక్కుమాలిన దొంతర."

"అయితే పో మరి, తొందరగా."

ఆట ముగిసేసరికి తొమ్మిది మందిమి మిగిలాం. అందరిలోకీ చిన్న దొంతర నాదే. ఎర్మెస్‌ది అందరికన్నా పెద్దది.

అక్టోబరు 13

ఇది నెమ్మదిగా, పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. పేజీకి ఎనిమిది వరసలే పడుతున్నాయి. పట్టనీ.

నిన్న పన్నెండింటికి తొమ్మిది మందిమి కూర్చున్నాం. చిన్న దొంతరతో కూర్చుంటే ఒక హాయి ఉంది, ఇంతకు ముందు నాకు తెలీదు. పెద్ద దొంతరల వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ జాగ్రత్తపడుతున్నారు. పోగొట్టుకోవడానికి వాళ్ళకి చాలా ఉంది. నాకు ఆలోచించాల్సింది ఒక్కటే: తోయాలా, వద్దా. తోస్తే పోవచ్చు, నిలవచ్చు. రెండుసార్లు తోశాను, రెండుసార్లూ నిలిచాను. ఒకసారి నా దగ్గరే మంచివి ఉన్నాయి. రెండోసారి లేవు, ఇస్పేటు ముక్కలు ఐదు కలిసొచ్చాయి. ఎదుటాయన వెళ్ళిపోతూ నా వైపు చూస్తే, "మీదే గెలవాల్సింది, నాకు కలిసొచ్చింది," అని చెప్పాను. నిజం చెప్పడం ఎంత తేలికో. ఆయన నా భుజం తట్టి వెళ్ళాడు.

ఒక్కొక్కరే లేచారు. లియన్‌హార్ట్‌ని ఎర్మెస్ పంపించాడు. నాలుగు గంటలకి బల్ల దగ్గర ఇద్దరమే ఉన్నాం, ఎర్మెస్, నేను. పంచడానికి దారింకా వచ్చి కూర్చుంది. తాడు అవతల నా పాత షిఫ్టు వాళ్ళందరూ. వాళ్ళ మధ్య జోర్కో, బస్సు డ్రైవరు జాకెట్టుతోనే.

నా చెయ్యి బల్ల మీద టిక్కుటిక్కుమంటోంది. ఎర్మెస్ దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేశాడు. అది అతనికి ఏమీ చెప్పదు, నాకూ సాయం చెయ్యదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూస్తూ ఆడాం. గంటన్నరలో నా దొంతర అతని దొంతర కన్నా రెండు వేళ్ళు ఎత్తు పెరిగింది.

అప్పుడు వచ్చాయి రెండు ఆరులు, ఇస్పేటు, కళావరు. బల్ల మీద ఇస్పేటు రాజు, ఆఠీను తొమ్మిది, ఆఠీను నాలుగు, కళావరు రెండు. ఇంకో ముక్క పడాలి.

ఎర్మెస్ చిప్స్ అన్నీ ముందుకి నెట్టాడు.

"సిన్యోరా, ఈ మూడు రోజులూ మీరు అద్భుతంగా ఆడారు," అన్నాడు. "ఓడినా సిగ్గుపడాల్సింది లేదు."

రెండు ఆరులు చిన్న జత. అతని దగ్గర రాజు ఉంటే నేను పోయినట్టే. కానీ ఇరవై ఏళ్ళు ఈ మనిషికి ముక్కలు పంచాను. ముక్కలు బాగున్నప్పుడు ఎర్మెస్ కుర్చీని తిడతాడు, దీపాల్ని తిడతాడు, పంచే దాన్ని తిడతాడు. మంచి ముక్కలు తన దగ్గర ఎక్కువసేపు ఉండవని అతని భయం. అతను నన్ను మెచ్చుకోవడం ఇన్నేళ్ళలో నాలుగైదుసార్లు విని ఉంటాను. ఆ నాలుగైదుసార్లూ అతని చేతిలో ఏమీ లేదు.

"ఎంత మర్యాదగా మాట్లాడారు ఎర్మెస్!" అన్నాను.

అతని కనుబొమ్మ ఒక్కసారి కదిలింది.

"చూద్దాం," అని నా చిప్స్ తోశాను.

అతను ముక్కలు తిప్పాడు. ఆఠీను రాణి, ఆఠీను జాకీ. ఏమీ లేదు, అప్పటికి. కానీ ఇంకో ఆఠీను పడితే అతనిదే. పది పడితే అతనిదే. రాణి పడినా, జాకీ పడినా అతనిదే. దారింకా చేతిలో ఉన్నవాటిలో, మాకు కనపడనివాటిలో కలిపి నలభై నాలుగు ముక్కలు. పద్దెనిమిది అతనివి, ఇరవై ఆరు నావి.

చూడాల్సింది చూశాను. చెయ్యాల్సింది చేశాను. ఇక అక్కడి నుంచి నాది ఏమీ లేదు. ఆ సంగతి అంత ప్రశాంతంగా నాకు ఎప్పుడూ తెలిసి రాలేదు. చేతిని ఆపాలని కూడా అనిపించలేదు.

దారింకా ఒక ముక్క పక్కన పెట్టింది. ఆఖరి ముక్క తిప్పింది.

డైమను మూడు.

ముందు అరిచింది జోర్కో. ఏం అరిచాడో ఎవరికీ తెలీదు, అతనికీ తెలీదట. తాడు కిందనుంచి దూరి వచ్చేశాడు. ఎవరూ ఆపలేదు. నా పాత షిఫ్టు వాళ్ళు డ్యూటీలో ఉండి కూడా చప్పట్లు కొట్టారు. అది నియమానికి విరుద్ధం. నేను డ్యూటీలో ఉంటే కోప్పడేదాన్ని.

ఎర్మెస్ కూర్చున్నచోటే కూర్చుని ఆ ముక్కని వేలితో పొడిచాడు. "మూడా! డైమను మూడా!" దారింకా వైపు తిరిగి, "నువ్వు కూడానా? నీ చేతికి కూడా నేనంటే పగే!" అన్నాడు. తర్వాత లేచి బల్ల చుట్టూ తిరిగొచ్చి నన్ను రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకున్నాడు. చేపల వాసన.

"పంచేవాళ్ళకి ఆడటం వస్తుందని బజారులో చెప్పాలి నేనిప్పుడు," అన్నాడు. "మా మేనల్లుడు ఏడాదంతా నన్ను బతకనివ్వడు."

"మీ నాన్నగారు ఎన్నాళ్ళు వేటకి వెళ్ళారు?" అని అడిగాను.

"పదకొండేళ్ళు," అన్నాడు. "డాక్టరు మానెయ్యమన్నాక పదకొండేళ్ళు. వలకి ముడులు వెయ్యమని మమ్మల్ని తిట్టేవాడు, పడవ మాత్రం ఆయనే నడిపేవాడు."

పదకొండేళ్ళు. రాసుకుంటున్నాను.

అక్టోబరు 15

పేపరులో ఫోటో వచ్చింది. సగం పేజీ. నేను బహుమతిగా ఇచ్చిన గాజు కప్పు ఎత్తి పట్టుకుని నిలబడ్డాను, పక్కన జోర్కో జాకెట్టు. నా మొహం, పళ్ళు, చెవి రింగులు, వెనక గడియారంలో ముల్లు కూడా స్పష్టంగా ఉన్నాయి. కప్పు పట్టుకున్న కుడి చెయ్యి మాత్రం మసగ్గా, నాలుగు చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు ఉంది.

జోర్కో అది చూసి పేపరాఫీసుకి ఫోను చేశాడు. నేను స్నానం చేసి వచ్చేసరికి హాల్లో నిలబడి అరుస్తున్నాడు.

"ఇదేం ఫోటోగ్రాఫరయ్యా మీకు! కప్పు ఎత్తింది ఆ చేత్తోనే, ఆ చెయ్యే చెరిపేశారు! ఇంకో ఫోటో లేదా మీ దగ్గర? ఆవిడ గెలిచింది! మసకబారిన మనిషిలా వేస్తారా గెలిచినావిడని?"

అతని చేతిలోంచి ఫోను తీసుకున్నాను. తల తడిగా ఉంది, నీళ్ళు కారుతున్నాయి.

"నమస్కారమండి. ఫోటోలో ఉన్నది నేనే," అన్నాను. "బాగా వచ్చింది. ఇంకో ఐదు కాపీలు కావాలి, ఎక్కడికి వచ్చి తీసుకోమంటారు?"

జోర్కో నా తల మీదికి తువ్వాలు వేశాడు.

"ఆరు," అన్నాడు. "మా అన్నకి ఒకటి."

"ఆరు పంపండి," అన్నాను.